టోబీయాకు గది ఎవరిచ్చారు?

2024 నవంబరు 14న వర్డ్‌ఫెన్స్ అనే వెబ్ భద్రతా సంస్థ ఒక హెచ్చరిక ప్రకటించింది. ‘రియల్లీ సింపుల్ సెక్యూరిటీ’ అనే ప్లగిన్‌లో పెద్ద లోపం బయటపడిందన్నది దాని సారాంశం. ప్రపంచవ్యాప్తంగా 40 లక్షలకు పైగా వెబ్‌సైట్లలో ఆ ప్లగిన్ ఉంది. దాని పేరులోనే భద్రత ఉంది, వెబ్‌సైట్‌కు కాపలా కాయడమే దాని పని. పాస్‌వర్డ్ తెలియని అపరిచితుడు సైట్ యజమాని హోదాలో లోపలికి నడిచి రాగలిగే దారి ఆ కాపలాదారు దగ్గరే తెరుచుకుంది. కంచే చేను మేసిందని మన పెద్దలు అనేది ఇలాంటి సందర్భంలోనే.

ఆ లోపం ఎలా పనిచేసిందో కాస్త చూడాలి. ఆ ప్లగిన్‌లో రెండంచెల తనిఖీ అనే సదుపాయం ఉంది. పాస్‌వర్డ్ ఒక అంచె, దాని తర్వాత మరో గుర్తింపు రెండో అంచె. ఈ రెండో అంచె దగ్గర వచ్చినవాడు అసలు మనిషి కాడని తేలినప్పుడు ప్రోగ్రాం ‘ఇది తప్పు’ అని చెబుతూనే ఉంది. కానీ ఆ మాట విని ఆగాల్సిన తర్వాతి భాగం ఆగకుండా ముందుకు వెళ్లి తలుపు తీసేసింది. గేటు దగ్గర వాచ్‌మన్ ‘ఇతను మనవాడు కాదు’ అని కేక వేస్తూ ఉండగానే లోపలి మనిషి గేటు తీసినట్టు. రెండంచెల తనిఖీని ఆన్ చేసుకున్న సైట్లకే ఈ ప్రమాదం వచ్చింది. అంటే ఎక్కువ జాగ్రత్త పడినవారే ఎక్కువ ప్రమాదంలో పడ్డారు.

అదృష్టవశాత్తు సరిచేసిన 9.1.2 వెర్షన్ వెంటనే వచ్చింది. ప్రమాదం తీవ్రతను బట్టి యజమానులు కోరకపోయినా ఆ అప్‌డేట్ సైట్లకు చేరేలా వర్డ్‌ప్రెస్ వారు ఏర్పాటు చేశారు. అయినా కొన్ని సైట్లకు అలాంటి అప్‌డేట్ చేరదు, కొన్ని సైట్లను ఏళ్ల తరబడి ఎవరూ తెరిచి చూడరు.

సంఘపు పత్రికకు ఈ కంప్యూటర్ గొడవ ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లో ఇప్పుడు చాలా సంఘాలకు, మిషన్ స్కూళ్లకు, ఆసుపత్రులకు, పరిచర్య సంస్థలకు వెబ్‌సైట్లున్నాయి. ప్రార్థన విన్నపాలు వాటిలోనే వస్తున్నాయి. కానుకలు పంపడానికి క్యూఆర్ కోడ్ వాటిలోనే కనిపిస్తుంది. విశ్వాసుల పేర్లు, ఫోన్ నంబర్లు, పిల్లల ఫొటోలు వాటి వెనకే నిలవ ఉంటున్నాయి. ఇన్ని నమ్మి అప్పగించిన చోట తాళం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న సంఘానిదే. కంప్యూటర్ తెలిసిన తమ్ముడి మీద దాన్ని వదిలేయలేం.

హోదా ఎలా పెరుగుతుంది?

వర్డ్‌ప్రెస్ అనేది వెబ్‌సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. 2003లో మొదలైంది. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. మన ప్రాంతంలో తక్కువ ఖర్చుతో సైట్ చేయించుకునే సంఘాలు కూడా ఎక్కువగా వాడేది దాన్నే. దానికి అదనపు పనులు నేర్పే చిన్న చిన్న భాగాలే ప్లగిన్లు. కానుకల పేజీకి ఒక ప్లగిన్, ప్రార్థన ఫారానికి ఒకటి, ఫొటోల గ్యాలరీకి ఒకటి, సభ్యుల నమోదుకు ఒకటి. ఉచితంగా దొరికేవే దాదాపు 60 వేలు ఉన్నాయి.

వర్డ్‌ప్రెస్‌లో మనుషులకు మెట్లు ఉంటాయి. అడుగున సబ్‌స్క్రైబర్, అంటే తన వివరాలు తప్ప మరేదీ మార్చలేని మనిషి. ఆ పైన కంట్రిబ్యూటర్, ఆథర్, ఎడిటర్. అన్నిటికన్నా పైన అడ్మినిస్ట్రేటర్. మన పాత మిషన్ కాంపౌండ్లను గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వంటి చోట్ల మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ కాంపౌండ్లలో గుడి, బడి, హాస్టలు ఒకే ప్రహరీలో ఉండేవి. గేటు లోపలికి వచ్చిన ప్రతివాడికీ హాస్టలు స్టోరు తాళం చెవి ఇవ్వరు. స్టోరు చూసుకునే మనిషి చేతికి ఆఫీసు బీరువా చెవి ఇవ్వరు. గేటు లోపల ఉండటం వేరు, గుత్తి చేతిలో ఉండటం వేరు.

అడుగు మెట్టు మీద ఉన్నవాడు, లేదా అసలు మెట్టే లేనివాడు, ఎవరూ ఇవ్వకుండానే పై మెట్టు అధికారం పొందగలిగే లోపాన్ని సాంకేతిక భాషలో ‘ప్రివిలేజ్ ఎస్కలేషన్’ అంటారు. తెలుగులో హోదా దొంగతనం అనుకోవచ్చు. దొంగ కిటికీ బద్దలు కొట్టనక్కరలేదు. తన పేరు పక్కన ‘సూపరింటెండెంట్’ అని తానే రాసుకుంటాడు. ఆ రాత ఎవరు రాశారని అడిగేవారు లేకపోతే ఆ క్షణం నుంచి అతనే సూపరింటెండెంట్.

గత రెండు మూడేళ్లలో జరిగిన మరి మూడు సంఘటనలు చూస్తే ఇది ఎన్ని దారుల్లో వస్తుందో తెలుస్తుంది.

మొదటిది, 2023 జూన్‌లో బయటపడిన ‘అల్టిమేట్ మెంబర్’ ప్లగిన్ ఉదంతం. సభ్యుల నమోదుకు వాడే ఈ ప్లగిన్ అప్పటికి 2 లక్షల సైట్లలో ఉంది. కొత్తగా చేరేవాడు ఫారంలో తన హోదాను తానే మార్చుకోకుండా, రాయకూడని పదాల జాబితా ఒకటి పెట్టారు. దుండగులు ఆ పదాలనే అక్షరం కాస్త మార్చి రాశారు. జాబితాలో ఆ రూపం లేదు కాబట్టి ప్లగిన్ రానిచ్చింది. యొర్దాను రేవు దగ్గర ‘షిబ్బోలెతు’ను ‘సిబ్బోలెతు’ అని పలికినవారు ఉచ్చారణ తేడాతో పట్టుబడ్డారు. ఇక్కడ అక్షరం తేడాయే లోపలికి రావడానికి పనికొచ్చింది. రాకూడనివారి జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా చాలదు, రావలసినవారి జాబితా ఉండాలి. పూర్తి పరిష్కారం 2023 జూలై 1న వచ్చింది. అప్పటికే అనేక సైట్లలో దొంగ అడ్మిన్ ఖాతాలు పుట్టాయి.

రెండోది, 2024 ఆగస్టులో వెలుగు చూసిన ‘లైట్‌స్పీడ్ క్యాష్’ లోపం. 50 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ ఇది. సైట్ పేజీలను ముందుగా సిద్ధం చేయడం కోసం అది కొద్దిసేపు ఒక సభ్యుడి రూపం ధరిస్తుంది. అందుకు ఒక రహస్య సంకేతం వాడుతుంది. ఆ సంకేతానికి ఉండగల రూపాలు కేవలం 10 లక్షలు. మనిషికి అది పెద్ద సంఖ్య, కంప్యూటర్‌కు కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల పని. ఓపికగా ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏదో ఒకటి సరిపోతుంది.

మూడోది, 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఒట్టోకిట్’ వ్యవహారం. దీనికే పూర్వం ‘ష్యూర్‌ట్రిగర్స్’ అని పేరు. లక్ష సైట్లలో ఉంది. ప్లగిన్‌ను ఇన్‌స్టాల్ చేసి, రహస్య కీ పెట్టకుండా వదిలేసిన సైట్లలో ఆ కీ చోటు ఖాళీగా ఉంటుంది. బయటివాడు కూడా కీ చోట ఏమీ పెట్టకుండా అడిగితే, ఖాళీ ఖాళీతో సరిపోయిందని ప్లగిన్ అనుకుంది. తలుపుకు తాళం కప్ప తగిలించి, వేయకుండా ఊరెళ్లినట్టు. ఈ లోపం సమాచారం బహిరంగమైన నాలుగు గంటల్లోనే దాడులు మొదలయ్యాయి. మన సంఘాల్లో వెబ్‌సైట్ ఎంత తరచుగా చూస్తారో ఆ నాలుగు గంటల పక్కన పెట్టి ఆలోచించండి.

ప్యాచ్‌స్టాక్ అనే సంస్థ లెక్క ప్రకారం ఒక్క 2024లోనే వర్డ్‌ప్రెస్ ప్రపంచంలో 7,966 కొత్త లోపాలు నమోదయ్యాయి. వాటిలో 96 శాతం ప్లగిన్లవే. అసలు వర్డ్‌ప్రెస్‌లో దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఇల్లు గట్టిదే, మనం ఒక్కొక్కటిగా తగిలించుకున్న తలుపులతోనే తంటా.

మనకు పోయేదేమిటి?

మా సైట్‌లో దొంగిలించడానికి ఏముందని చాలామంది సంఘ పెద్దలు అనుకుంటారు. దొంగ మన సైట్‌ను పేరు చూసి ఎంచుకోడు. లోపం ఉన్న ప్లగిన్ ఎక్కడెక్కడ ఉందో యంత్రాలే లక్షల సైట్లు తట్టి చూస్తాయి. తెరుచుకున్న ప్రతి తలుపులోకీ వెళ్తాయి. ఆ తర్వాత లోపలేముందో చూసుకుంటారు.

ఉన్నవి ఇవి. మొదట కానుకలు. అడ్మిన్ హోదా దొరికినవాడు కానుకల పేజీలోని క్యూఆర్ కోడ్ తీసి తనది పెట్టడానికి కొన్ని నిమిషాలు చాలు. పేజీ అలాగే ఉంటుంది, వాక్యం అలాగే ఉంటుంది, సంఘం ఫొటో అలాగే ఉంటుంది. మిర్యాలగూడలోనో నారాయణపేటలోనో కూలి డబ్బుల్లో నుంచి 200 రూపాయలు పంపిన విధవరాలి కానుక ఎవరి ఖాతాకు పోయిందో నెలాఖరుకు గానీ తెలియదు.

రెండోది ప్రార్థన విన్నపాలు. భర్త తాగుడు గురించి, కూతురి పెళ్లి చెడిపోవడం గురించి, బయటికి చెప్పుకోలేని జబ్బు గురించి, అప్పుల గురించి మనుషులు ఫారంలో రాసి పంపుతారు. దేవునికీ కాపరికీ తప్ప తెలియదనుకుని రాస్తారు. అవి ఫోన్ నంబరుతో సహా అడ్మిన్ తెర మీద వరసగా కనిపిస్తాయి. బెదిరించి డబ్బు గుంజేవాడికి అంతకన్నా సులువైన పట్టిక దొరకదు.

మూడోది సభ్యుల జాబితా. పేరు, ఊరు, కులం, బాప్తిస్మం తేదీ ఒకే వరసలో ఉన్న పట్టిక బయటపడితే దాని పర్యవసానం మన జిల్లాల్లో ఎవరికీ వివరించనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు గానీ క్రైస్తవులకు తెరవలేదు. ఆ ఉత్తర్వు న్యాయాన్యాయాల మీద ఈ పేజీలో చాలాసార్లు రాశాం, ఆ వాదన కొనసాగుతుంది. ఇక్కడ చెప్పేది ఒక్కటే. ఒక మనిషి తన విశ్వాసం సంగతి ఎప్పుడు, ఎవరితో, ఎలా చెప్పుకోవాలన్నది ఆ మనిషి నిర్ణయం. మన అజాగ్రత్త వల్ల ఆ నిర్ణయం ఒక అపరిచితుడి చేతిలోకి పోకూడదు.

ఇంకొక సంగతి ఉంది. చాలా సందర్భాల్లో దొంగ ఏమీ పాడు చేయడు. తన కోసం ఒక అడ్మిన్ ఖాతా సృష్టించుకుని నిశ్శబ్దంగా ఉంటాడు. నల్లగొండ వారికి ఇది కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. రంగు మారదు, వాసన రాదు. వంగిన ఎముకల్లో ఏళ్ల తర్వాత కనిపిస్తుంది. సైట్ బాగానే తెరుచుకుంటోంది కదా అన్న మాట బావి నీళ్లు తేటగా ఉన్నాయి కదా అన్న మాట లాంటిదే. పరీక్ష చేస్తే తప్ప తెలియదు. పైగా తర్వాత ప్లగిన్ అప్‌డేట్ చేసినా, అంతకు ముందే లోపలికి వచ్చి కూర్చున్న మనిషి బయటికి పోడు. తలుపు బాగు చేశాం, దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

ప్రశ్నపత్రాల కథ

హోదా దొంగతనం ప్లగిన్లకే పరిమితమైన జబ్బు కాదు. దాని చేదు తెలంగాణ యువతకు 2023 మార్చిలోనే తెలిసింది. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో గోప్య విభాగం కంప్యూటర్ నుంచి ప్రశ్నపత్రాలు కాపీ చేసుకున్నారని అదే కార్యాలయంలో పనిచేసే ఉద్యోగిని, కంప్యూటర్ నెట్‌వర్క్ చూసే పొరుగు సేవల ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేశారు. ప్రత్యేక దర్యాప్తు బృందం తీగ లాగితే అది పాలమూరు ప్రాంతం దాకా వచ్చింది. ఆ అభియోగాల సంగతి న్యాయస్థానం తేలుస్తుంది. మనం చూడవలసింది దాని తీరు. బయటి నుంచి ఎవరో గోడ దూకారన్నది ఆరోపణ కాదు. లోపల ఒక పనికి అనుమతి ఉన్నవారు తమకు అనుమతి లేని గదిలోకి నడిచారన్నది ఆరోపణ.

ఫలితం ఎంతమంది మీద పడిందో చూడండి. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను 2.8 లక్షల మందికి పైగా రాశారు. 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్ 9న జరిగింది. హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఇరుకు గదుల్లో ఉండి చదువుకున్న అచ్చంపేట, కొడంగల్, దేవరకొండ, హుజూర్‌నగర్ పిల్లలకు రెండేళ్లు పోయాయి. వాళ్ల తల్లిదండ్రులు మరో రెండేళ్లు అప్పు మోశారు. ఒక గది తాళం సరిగ్గా లేకపోతే నష్టం ఆ గదితో ఆగదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

యెరూషలేములోని గది

ఇప్పుడు నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం తెరవండి. యెరూషలేము గోడను నెహెమ్యా 52 దినాల్లో కట్టించాడు. తలుపులు నిలబెట్టాడు. ద్వారపాలకులను పెట్టాడు, ఎప్పుడు తలుపు తీయాలో ఎప్పుడు మూయాలో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గోడను చూసి నక్క ఎక్కినా కూలుతుందని వెక్కిరించిన అమ్మోనీయుడు టోబీయా. గోడ కూలలేదు. కానీ నెహెమ్యా రాజు దగ్గరకు వెళ్లి తిరిగి వచ్చేసరికి టోబీయా సామాను మందిరపు ఆవరణంలోనే ఉంది. నైవేద్యాలు, సాంబ్రాణి, ఉపకరణాలు, లేవీయుల దశమ భాగాలు ఉంచే పెద్ద గది అతనిదైపోయింది.

టోబీయా గోడ దూకలేదు, గది తాళం పగలగొట్టలేదు. మందిరపు గదుల మీద అధికారం ఉన్న యాజకుడు ఎల్యాషీబు అతనికి ఆ గది సిద్ధం చేసి ఇచ్చాడు. ఇద్దరికీ బంధుత్వం ఉంది. గదులు చూసుకోవడమే ఎల్యాషీబుకు అప్పగించిన పని, ఆ అధికారం నుంచే శత్రువుకు చోటు దొరికింది. మన కాలపు ప్లగిన్ లోపాల చరిత్ర అంతా ఇదే. పనికి పెట్టుకున్నదే, అడిగినవాడెవరో చూడకుండా, ఇవ్వకూడని గది ఇచ్చేసింది.

ఆ తర్వాత నెహెమ్యా చేసిన పని క్రమం గమనించండి. ముందు టోబీయా సామాను బయట పారవేయించాడు. తర్వాత గదులు శుద్ధి చేయించాడు. తర్వాత వస్తువులను తిరిగి వాటి చోట పెట్టించాడు. అంతటితో ఆగలేదు. లేవీయులకు అందవలసిన పాలు అందడం లేదనీ, వాళ్లు పని విడిచి పొలాలకు వెళ్లిపోయారనీ తెలుసుకున్నాడు. ఒక గది దుర్వినియోగమైతే బయట ఎవరి కడుపు మాడిందో కనుక్కున్నాడు. చివరికి ఖజానా మీద నలుగురిని నియమించాడు. యాజకుడు షెలెమ్యా, శాస్త్రి సాదోకు, లేవీయుడు పెదాయా, వారికి తోడుగా హానాను. ఒక్కడి చేతిలో ఉన్న గుత్తిని నలుగురి మధ్య పెట్టాడు. నమ్మకస్థులని పేరున్నవారినే ఎంచుకున్నాడు, అలాగని ఒక్క నమ్మకస్థుడి మీదే భారమంతా వేయలేదు.

1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఒక సూత్రం రాశారు. ఎవరికైనా వారి పనికి సరిపడినంత అధికారమే ఇవ్వాలన్నది దాని భావం. భద్రతా శాస్త్రానికి అది నేటికీ పునాది. సంఖ్యాకాండం 4వ అధ్యాయం చదివినవారికి అది కొత్తగా తోచదు. గుడారం మోయడంలో కహాతీయుల పని వేరు, గెర్షోనీయుల పని వేరు, మెరారీయుల పని వేరు. పరిశుద్ధమైనవాటిని మోసే కహాతీయులకు సైతం వాటిని ముట్టే, చూసే అనుమతి లేదు. అహరోను కుమారులు కప్పి ఇచ్చాకనే మోయాలి. మోసేవాడికి మోసేంత, కప్పేవాడికి కప్పేంత.

ఆ కహాతు వంశం నుంచే కోరహు వచ్చాడు. తనకిచ్చిన పని చాలదని యాజకత్వం కోరాడు. కోరహు కథను ప్రశ్నించే విశ్వాసుల నోరు మూయించడానికి వాడటం మన వేదికల మీద అలవాటైంది. ఈసారి దాన్ని కాపరులమైన మన వైపే తిప్పుకుందాం. వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? సంఘం పేరు మీదా, పాస్టర్ గారి సొంత పేరు మీదా? క్యూఆర్ కోడ్ ఏ ఖాతాకు వెళ్తుంది? అడ్మిన్ పాస్‌వర్డ్ పాస్టర్ గారికీ, వారి అబ్బాయికీ తప్ప కమిటీలో ఎవరికైనా తెలుసా? ఎవరూ ఇవ్వని అధికారం మెల్లగా ఒకరి చేతిలో పోగుపడటం యంత్రాల్లోనే జరగదు. సంఘాల్లో అది ఏ లోపమూ వెతకకుండానే జరుగుతుంది, ఎవరూ అడగకపోతే చాలు.

కమిటీ చేయవలసినవి

ఇది ఖర్చుతో కూడిన పని కాదు. ఒక సాయంత్రం కమిటీ కూర్చుని సైట్ తెరవాలి.

యూజర్ల పేజీ తెరిచి అడ్మినిస్ట్రేటర్లు ఎంతమందో లెక్కపెట్టండి. చిన్న సంఘానికి ఇద్దరు చాలు, ఒక్కరే ఉండటం కూడా మంచిది కాదు. ఎవరూ గుర్తుపట్టలేని పేరు ఉంటే దాని మీద వెంటనే విచారించండి. మూడేళ్ల కింద సైట్ కట్టి బెంగుళూరు వెళ్లిపోయిన తమ్ముడి ఖాతా ఇంకా ఉంటే, అతని మీద అనుమానంతో కాకుండా అతని మేలు కోసమే తీసేయండి. రేపు ఏదైనా జరిగితే మొదటి నింద అతని మీదే పడుతుంది. ప్రసంగాలు పెట్టే సోదరికి ఎడిటర్ హోదా చాలు, అడ్మిన్ అక్కరలేదు. ఒకే పాస్‌వర్డ్‌ను వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపడం ఈ రోజుతో మానేయండి.

ప్లగిన్ల పేజీ తెరిచి ఒక్కొక్కటి ఎందుకుందో అడగండి. జవాబు దొరకనిదాన్ని ఆపడంతో సరిపెట్టక పూర్తిగా తొలగించండి. ఉన్నవాటికి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్ చేయండి. ఎవరైనా సభ్యులుగా నమోదు కావచ్చన్న సదుపాయం అవసరం లేకపోతే ఆపేయండి. డబ్బు పెట్టి కొనవలసిన ప్లగిన్‌ను ఎక్కడో క్రాక్ చేసింది తెచ్చి పెట్టడం మన దగ్గర మామూలైంది. అలాంటివాటిలో చాలాసార్లు దొంగ దారి ముందే అమర్చి ఉంటుంది. అది లేకపోయినా ఎనిమిదో ఆజ్ఞ సంఘం వెబ్‌సైట్‌కు కూడా వర్తిస్తుంది. ప్రభువు పనికి దొంగ సొత్తు వాడకూడదని వేరే చెప్పాలా?

ప్రార్థన విన్నపాలు చదివి, ప్రార్థించి, సైట్ నుంచి తుడిచేయండి. సభ్యుల పూర్తి పట్టికను సైట్ వెనక ఉంచవద్దు. లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు. కానుకలు పంపేవారికి, డబ్బు నొక్కే ముందు ఫోన్‌లో కనిపించే ఖాతా పేరు సంఘానిదేనా అని చూసుకోమని ఆరాధనలోనే ప్రకటించండి. ప్రతి నెలా ఒక డీకన్ తన ఫోన్ నుంచి ఆ క్యూఆర్‌కు పది రూపాయలు పంపి చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

సైట్‌లోకి ఎవరో వచ్చారని తెలిస్తే నెహెమ్యా క్రమాన్నే పాటించండి. దొంగ ఖాతాలు బయట పారవేయండి, సైట్ మొత్తం శుభ్రం చేయించండి, అందరి పాస్‌వర్డ్‌లు మార్పించండి, పాత మంచి ప్రతి నుంచి తిరిగి నిలబెట్టండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత ఎవరి వివరాలు బయటపడ్డాయో వారికి చెప్పండి. సంఘం పరువు పోతుందని దాచడం వల్ల నష్టపోయేది విన్నపం రాసిన ఆ సోదరే.

చట్టం కూడా ఈ దారికే వస్తోంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. సమాచారాన్ని కాపాడడంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చని చట్టం అంటోంది. ఆ అంకె పెద్ద సంస్థలను ఉద్దేశించినదే కావచ్చు. కానీ జరిమానాకు భయపడి చేసే కాపలాకూ, అప్పగించిన సొత్తు కనుక చేసే కాపలాకూ తేడా సంఘానికి తెలియాలి.

కొరింథీయుల కానుకను యెరూషలేము పేదలకు చేర్చే పనిలో పౌలు ఒంటరిగా వెళ్లలేదు. తీతుతో పాటు సంఘాలు మెచ్చిన మరి ఇద్దరిని పంపాడు. ప్రభువు ఎదుట మాత్రమే కాదు, మనుషుల ఎదుట కూడా నిందకు చోటుండకూడదన్నది అతని ఆలోచన. 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో అది చదవవచ్చు. పౌలు మీద ఎవరికో అనుమానం ఉండి అలా చేయలేదు. తనను ఎవరూ అనుమానించే పని లేకుండా ముందే ఏర్పాటు చేసుకున్నాడు.

కమిటీ వచ్చే సమావేశపు ఎజెండాలో గోడ రంగులు, మైకు సెట్టు, క్రిస్మస్ లెక్కలతో పాటు ఒక ప్రశ్న చేర్చండి. మన వెబ్‌సైట్‌కు అడ్మిన్లు ఎంతమంది, వాళ్లెవరు? జవాబు ఎవరికీ తెలియకపోతే, లేదా ఒక్కరికే తెలిస్తే, ఆ రాత్రికి మిగతా ఎజెండా వాయిదా వేసుకోవచ్చు.